చిరునవ్వునకు కాపలా

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూర్ అను ప్రాంతము కలదు. ఒకనాడు అది బండరాళ్లును, గుట్టలును, దుర్గము చెరువును గల చిన్న ఊరు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. నాటినుండి ఆ ఊరి రూపు మారిపోయెను. నేడు అచ్చట ఎటు చూచినను అద్దాల మేడలు; ఆ మేడలలో కంప్యూటర్లముందు కూర్చుండి పనిచేయు వేలాది యువకులు, యువతులు. ఆ వీథులలో నడచువారికి దంతవైద్యశాలల పలకలును అడుగడుగున కనబడుచుండును. పంటికి తీగలు కట్టించుకొన్న పిల్లలే గాక, కొలువులు చేయు పెద్దలును అచ్చట పెక్కుమంది కలరు.

అట్టి మేడలలో ఒకదాని వాకిట ఒక కాపలాదారు ఉండెను. అతనిది నల్లగొండ జిల్లాలోని మునుగోడు ప్రాంతము. నెమ్మదస్తుడు, పనిలో నమ్మకస్తుడు. అతనికొక అలవాటు కలదు. నవ్వు వచ్చినప్పుడెల్ల కుడిచేతిని నోటికి అడ్డము పెట్టుకొనును. అతని పండ్లమీద గోధుమరంగు చారలు, మచ్చలు ఉండుటయే దానికి కారణము.

ఆ మచ్చలు అతని అశుభ్రతవలన కలిగినవి కావు. నల్లగొండ ప్రాంతపు నేలలోని శిలలలో ఫ్లోరైడు అను పదార్థము హెచ్చు. అది కరిగి బావినీటిలో చేరును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించి ఫ్లోరైడు ఉన్నచో ఆ నీరు త్రాగుటకు తగదు. అట్టి నీటిని చిన్ననాడు ఏండ్లతరబడి త్రాగినవారికి, చిగుళ్లలోపల ఏర్పడుచున్న దంతముల పైపొర చెడిపోవును. ఆ పండ్లు మొలచునప్పుడే మచ్చలతో మొలచును. నీటిలో ఫ్లోరైడు మిక్కిలి హెచ్చుగా ఉన్నచో ఎముకలు సహితము వంగిపోవును. మన దేశమున ఈ వ్యాధిని 1937వ సంవత్సరములో నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించిరి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమువలన నల్లగొండ పల్లెలకు నదీజలములు వచ్చినవి. కాని మునుపే ఏర్పడిన మచ్చలను ఏ నీరును కడుగజాలదు.

ఆ కాపలాదారునకు ఒక కుమార్తె. మాదాపూర్‌లోనే పుట్టి పెరిగినది. ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆమె పండ్లమీద మచ్చలు లేవు గాని పైవరుస ముందునకు పొడుచుకొని వచ్చెను. క్రిందివరుస ఒకదానిమీద నొకటి ఎక్కియుండెను. తోడిపిల్లలు కొందరు ఆమెను "రంపము" అని పిలిచెడివారు. ఆమెకు పాఠములన్నియు వచ్చును. అయినను ఉపాధ్యాయులు ప్రశ్న వేసినప్పుడు లేచి నిలువదు. లేచినను నోటికి చేయి అడ్డము పెట్టుకొని, ఎవరికిని వినబడకుండ చెప్పును. ఒకనాడు తండ్రి ఇది కన్నులార చూచెను. తన చేయియే పోయి తన బిడ్డ నోటిమీద నిలిచినట్లు అతనికి తోచెను. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

ఇంటిదాపున నున్న వైద్యశాలలో విచారింపగా, వారు చెప్పిన రుసుము అతని జీతమునకు అందునది కాదు. తోడి విద్యార్థిని ఒకతె, "ముందుపండ్లకు రబ్బరు చుట్ట తగిలించిన చాలును, దగ్గరపడును, ఫోనులో చూచితిని" అని సలహా చెప్పెను. తండ్రి తొందరపడక, ఒక సెలవుదినము చూచుకొని బిడ్డను వెంటబెట్టుకొని బయలుదేరెను. మెట్రోరైలెక్కి, అమీర్‌పేటలో బండి మారి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు చేరెను. అచ్చట దంతములను వరుస దిద్దు విభాగమున ఒక వైద్యురాలు ఆమెను పరీక్షించెను.

రబ్బరు చుట్ట మాట వినగానే వైద్యురాలు తల అడ్డముగా ఊపెను. "అమ్మాయీ, ఆ పని ఎన్నడును చేయకుము. పన్ను పైన వెడల్పు, మొదట సన్నము. రబ్బరు చుట్ట మెల్లగా జారి చిగురులోపలికి పోవును. కంటికి కనబడకుండ వేరు చుట్టునున్న ఎముకను తినివేయును. చివరకు చక్కని పన్ను ఊడి చేతిలోనికి వచ్చును" అని చెప్పెను. దంతవైద్యమున పట్టము పొందిన పిమ్మట మరి మూడేండ్లు ఈ విద్యనే ప్రత్యేకముగా చదివినవారు చేయవలసిన పని అది. ఇంటివద్ద చేసికొనదగినది కాదు.

పండ్లు వంకరగా వచ్చుటకు కారణములు అనేకములు. పాలపండ్లు ఇరువది. ఆరవ ఏటినుండి అవి ఒక్కొక్కటియే ఊడి, వాని స్థానమున స్థిరదంతములు వచ్చును. పండ్రెండు, పదుమూడేండ్లు వచ్చుసరికి ఇరువదియెనిమిది దంతములు ఏర్పడును. చివరి నాలుగును జ్ఞానదంతములు. అవి పదునేడేండ్లు దాటిన పిదప వచ్చును, కొందరికి రానేరావు. దవడ చిన్నదై దంతములు పెద్దవైనచో చోటు చాలక అవి ఒకదానినొకటి త్రోసికొనును. ఇది తలిదండ్రులనుండి సంక్రమించు గుణము. చాలకాలము వ్రేలు చీకుటవలన పైపండ్లు ముందునకు వచ్చును. "పాలపన్ను ఎటులైనను ఊడునదే కదా" అని పుచ్చిన పాలపన్నును అశ్రద్ధ చేయుటయు ఒక కారణమే. అది వేళకు ముందే ఊడినచో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి ఒరుగును. వెనుక వచ్చు పంటికి దారి మూసికొనిపోవును. వంకరపండ్లు అందమునకు మాత్రమే లోపము కావు. వాని సందులలో ఆహారము చిక్కి సులభముగా పుచ్చును. ముందునకు పొడుచుకొని వచ్చిన పండ్లు క్రిందపడినప్పుడు త్వరగా విరుగును.

వైద్యురాలు ఎక్స్‌రే తీయించి, దంతముల అచ్చులు తీసికొనెను. ముందుగా పుచ్చియున్న ఒక పంటిని బాగుచేయించెను. చోటు చాలనందున దవడప్రక్కనున్న నాలుగు చిన్నపండ్లను తీయించెను. పిమ్మట దంతములకు తీగ అమర్చెను. పంటి ముందుభాగమును ఒక ఆమ్లముతో కొంచెము గరుకుచేసి, దానిమీద చిన్న లోహపుబిళ్లను జిగురుతో అంటించి, నీలికాంతితో ఆ జిగురును గట్టిపరచెను. బిళ్లల గాడిలో సన్నని తీగ దూర్చి, చిన్న రబ్బరు ఉంగరములతో బిగించెను. జనులు వీనినే క్లిప్పులని పిలుతురు.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. 1728వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియర్ ఫోషార్డు తాను రచించిన దంతవైద్య గ్రంథములో, విల్లువలె వంగిన లోహపుపట్టీకి పండ్లను దారముతో కట్టి వరుసకు తెచ్చు పద్ధతిని వివరించెను. 1899లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డు యాంగిల్ వంకరవరుసలను మూడు తరగతులుగా విభజించి ఈ విద్యకు ఒక క్రమము కల్పించెను. ఆ కాలమున ఒక్కొక్క పంటిచుట్టును లోహపుపట్టీ బిగింపవలసి వచ్చెడిది. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అను శాస్త్రజ్ఞుడు, ఆమ్లముతో గరుకుచేసిన పంటికి జిగురు గట్టిగా పట్టునని కనుగొనెను. పట్టీల బాధ తగ్గుటకు అది దారితీసెను. నికెలును, టైటానియమును కలిపి చేసిన తీగ వంచినను తన పూర్వరూపమునకే రాజూచును. ఆ గుణమువలన అది పంటిని మెల్లమెల్లగా, విడువకుండ లాగుచుండును.

"ఇంత గట్టి ఎముకలో పాతుకొన్న పన్ను ఎట్లు కదలును డాక్టరమ్మా?" అని తండ్రి అడిగెను.

"పన్ను గోడలో కొట్టిన మేకు వంటిది కాదయ్యా. ఎముకకును పంటివేరుకును నడుమ సన్నని నారపొర ఉండును. ఎముక ప్రాణమున్నది. తీగ లాగిన దిక్కున ఎముక కరిగి దారి యిచ్చును. విడిచిన దిక్కున కొత్త ఎముక పుట్టి ఖాళీ పూడ్చును. నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు కదలును. త్వరపడి గట్టిగా లాగినచో వేరు అరిగిపోవును. కనుక రెండేండ్లు ఓర్పు వహింపవలెను" అని వైద్యురాలు చెప్పెను.

మొదటి నాలుగు దినములు బాలికకు నొప్పి కలిగెను. గట్టివస్తువు ఏదియు కొరుకలేకపోయెను. తల్లి పప్పన్నము, పెరుగన్నము మెత్తగా కలిపి పెట్టెను. బిళ్లలు రాచుకొని పెదవిలోపల పుండు పడగా, వైద్యురాలిచ్చిన మైనపుముద్దను బిళ్లమీద అద్ది, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించెను. వారము తిరుగునప్పటికి నొప్పి తగ్గిపోయెను.

అసలు చిక్కు పిమ్మట వచ్చినది. వైద్యురాలు తెమ్మని చెప్పిన పండ్లముద్ద గొట్టముమీద "ఫ్లోరైడు" అను మాట తండ్రి కంటబడెను. తన ఊరిని, తన నవ్వును పాడుచేసిన పేరు అది! "ఈ విషము నా యింటిలో ఉండరాదు" అని అతడు దానిని పారవైచెను. దానికి మారుగా వేపపుల్లలును, బొగ్గుపొడియు తెచ్చియిచ్చెను. వేపపుల్ల మన పెద్దల మంచి అలవాటే గాని, దాని కుచ్చు తీగ క్రిందికిని, బిళ్లల సందులకును పోజాలదు. బొగ్గుపొడి రాపిడిచే పంటి పైపొరను అరుగదీయును. ఇంతలో సంక్రాంతి వచ్చెను. నాయనమ్మ ఊరినుండి సకినాలు తెచ్చెను. బాలిక మనసు పట్టలేక నాలుగు కొరికెను; రెండు బిళ్లలు ఊడినవి. వాని నతికించుకొనుటకు వైద్యశాలకు పోవుట ఇరువది దినములు ఆలస్యమయ్యెను.

ఊడిన బిళ్లల చోటును చూచి వైద్యురాలి ముఖము చిన్నబోయెను. బిళ్ల ఉండిన చోటు చుట్టును సున్నపుచుక్కవంటి తెల్లని మచ్చలు కనబడుచుండెను. చిగుళ్లు వాచి, ముట్టినంతనే రక్తము కారుచుండెను. ఆమె బాలిక చేతికి అద్దమిచ్చి చూపి ఇట్లు చెప్పెను:

"ఇవి పుచ్చునకు తొలిమెట్లు. మనము తిను తీపిని నోటిలోని సూక్ష్మక్రిములు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి పైపొరలోని సున్నపుపదార్థమును లాగివేయును. పైపొరలో జీవకణములు లేవు. గుల్లపడి గుంటయైనచో అది తిరిగి పెరుగదు. తీగలున్న నోటిలో పాచి దాగుటకు చోట్లు పెక్కులు. వంకరపంటితో నూరేండ్లు నమలవచ్చును; పుచ్చినపంటితో ఒక్కపూట నమలుటయు కష్టమే. మీరు శుభ్రము చేసికొనజాలనిచో, నేను తీగలను సగములోనే తీసివేయవలసి వచ్చును."

బాలిక కన్నులలో నీరు నిండెను. అపుడు తండ్రి ముందుకు వచ్చి, "తప్పు బిడ్డది కాదు డాక్టరమ్మా, నాది. ఆ ముద్ద నేనే పారవైచితిని. నా పండ్లు చూడుడు" అని, ఎన్నడును లేనిది, చేయి అడ్డము తీసి నోరు తెరచి చూపెను.

వైద్యురాలు అతని భయమును తేలికగా త్రోసివేయలేదు. కుర్చీ చూపి కూర్చుండబెట్టి, "మీ భయము న్యాయమైనది. కాని మీకు కీడు చేసినది పేరు కాదు, మోతాదు. పండ్లు చిగురులోపల తయారగుచున్న వయస్సున మీరు ఆ నీటిని దినదినమును కడుపులోనికి త్రాగితిరి. మీ అమ్మాయికి ఆ వయస్సు గడచినది. ఆమె పండ్లు వెలికి వచ్చి గట్టిపడినవి. బఠానిగింజంత ముద్దతో తోముకొని ఉమ్మివేయునదే గాని మ్రింగునది కాదు. పంటిమీద పూసిన ఫ్లోరైడు, పోయిన సున్నము తిరిగి చేరుటకు తోడ్పడి పైపొరను గట్టిపరచును. కూరలో ఉప్పు కొంచెమైన రుచి, దోసెడైన విషము కాదా?" అని వివరించెను. చిన్నపిల్లలు మాత్రము ముద్దను మ్రింగకుండ పెద్దలు దగ్గరనుండి చూడవలెనని కూడ చెప్పెను.

పిదప ఆమె తోముకొను పద్ధతిని తానే చూపెను. మెత్తని కుంచెను చిగురువైపునకు కొంచెము వాల్చి బిళ్లలకు పైభాగమును, తరువాత క్రిందిభాగమును, పిమ్మట నమలుభాగమును, లోపలిభాగమును వరుసగా తోమవలెను. సీసా కడుగు కుంచెవంటి చిన్న కుంచెను తీగ క్రింద దూర్చి ప్రతి సందును శుభ్రము చేయవలెను. తోమిన వెనుక అద్దములో చూచుకొని, బిళ్లలు మెరయుచున్నవో లేదో పరీక్షించుకొనవలెను. పగలు బడిలో తిన్న వెంటనే నీటితో గట్టిగా పుక్కిలింపవలెను. రాత్రి తోమిన పిమ్మట మంచినీరు తప్ప మరేమియు ముట్టరాదు. సకినాలు, జంతికలు, చెరకుగడ, పల్లీపట్టి, మంచుముక్కలు తీగలున్నంతకాలము మానవలెను. జామకాయను కొరుకక సన్నని ముక్కలుగా కోసికొని తినవలెను. మాటిమాటికి తీపి పానీయములు త్రాగుట కూడదు. తీపి ఎంత తిన్నామనుటకంటె ఎన్నిమార్లు తిన్నామనునదే పంటికి ముఖ్యము. కలముకొన కొరుకరాదు. ఆటలాడునప్పుడు నోటికి రక్షకతొడుగు ధరింపవలెను. తీగ గుచ్చుకొన్నచో తానే కత్తిరింపక, మైనము పెట్టి వైద్యుని చూడవలెను.

ఇంటికి పోవుచు త్రోవలో తండ్రియే ఆ ముద్దను కొనెను. నాటినుండి ఆ బాలిక ఒక్కపూటయు మానలేదు. తెల్లమచ్చలు వ్యాపింపక ఆగినవి. కొన్ని మసకబారినవి, రెండుమూడు మాత్రము గుర్తుగా మిగిలిపోయినవి. చిగుళ్లనుండి రక్తము కారుట నిలిచిపోయెను. ప్రతినెలయు తండ్రీబిడ్డలు అఫ్జల్‌గంజ్‌కు పోయివచ్చిరి. పదవ తరగతి నడుమ ఒకనాడు వైద్యురాలు బిళ్లలను తీసివేసెను. వరుస చక్కగా కుదిరెను. ఆమె బాలిక కొలతకు సరిపోవు ఒక తీసిపెట్టుకొను పళ్లెమును చేయించి యిచ్చి, మొదట రేయింబవళ్లును, పిమ్మట ప్రతిరాత్రియు ధరింపుమనెను. వేడినీటితో కడుగవలదనియు, తినునప్పుడు కాగితములో చుట్టక డబ్బీలో పెట్టుకొనవలెననియు హెచ్చరించెను.

కొన్ని నెలలు గడచెను. పరీక్షల తొందరలో బాలిక పళ్లెమును మరచిపోసాగెను. "పండ్లు సరిపడినవి కదా, ఇంక దీనితో పని యేమి?" అని అనుకొనెను. మూడువారముల పిమ్మట పెట్టుకొనబోగా అది బిగుసుకొని నొప్పి పుట్టించెను. జరిగిన పంటి చుట్టునున్న నారలు సాగిన తాడువలె చాలకాలము దానిని పాతచోటికి లాగుచుండును; వయస్సుతోడను పండ్లు కొంచెము కొంచెముగా కదలుచునే యుండును. ఆమెకు భయము కలిగి తండ్రితో నిజము చెప్పెను.

రాత్రికాపలాకు బయలుదేరుచున్న తండ్రి కోపింపలేదు. లాంతరు చేతబట్టుకొని గుమ్మమున నిలిచి ఇట్లనెను: "బిడ్డా, నేను పదునొకండేండ్లుగా ఆ మేడవాకిట కాపలా యున్నాను. ఇంతవరకును ఒక్క దొంగ రాలేదు. దొంగ రాలేదు గనుక కాపలా అక్కరలేదని యజమాని అనుకొనినచో ఏమగును?"

"కాపలా ఉన్నందుననే దొంగ రాలేదు నాయనా" అని ఆమె చెప్పెను.

"ఆ మాట నీ పండ్లకును వర్తించును" అని తండ్రి వెడలిపోయెను.

మరునాడు ఆమె వైద్యురాలిని చూచెను. పెద్దగా చెడలేదు, పళ్లెమును కొంచెము సవరింపగా సరిపోయెను. నాటినుండి తండ్రి మేడకు కాపలా పోవు వేళకే ఆమె పళ్లెమును పంటికి తొడుగును. ఆ యేడు పాఠశాల వీడ్కోలు సభలో తోడివారి పక్షమున మాటలాడుటకు ఆమె నెన్నుకొనిరి. ఆమె చేయి క్రిందనే ఉంచి, వెనుకవరుసవారికి సైతము వినబడునట్లు మాటలాడెను. ఆ వెనుకవరుసలో కాపలాదుస్తులతో కూర్చున్న తండ్రికి ఒక హాస్యపుమాటకు నవ్వు వచ్చెను. అలవాటుచొప్పున అతని చేయి సగము లేచెను. బిడ్డ తనవైపే చూచుచుండుట కని, చేతిని దింపుకొని నవ్వెను.

పంటిని వరుసకు తెచ్చునది వైద్యుని నేర్పు. వరుసను నిలుపునది మన దినచర్య. మచ్చలుగల పంటినైనను, వంకరపంటినైనను చూచి నవ్వుట తగదు. దాని వెనుక ఏ ఊరి నీరున్నదో, ఏ యింటి కష్టమున్నదో మనకు తెలియదు.